ఇండోర్ క్లే మీద ట్రక్కు బోల్తా కొడుతోందా? స్ప్రింగుల జోలికి వెళ్లేముందు టైర్లు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది రిమోట్ కంట్రోల్‌తో నడిచే (ఆర్‌సీ) బండి: పదో వంతు స్కేలు, టూ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ స్టేడియం ట్రక్కు. ఇన్నాళ్లూ ఆరుబయట వదులు మట్టి మీద చక్కగా నడిచింది. ఇండోర్ క్లే ట్రాక్‌కి తెచ్చాక మొదటి రెండు నిమిషాలు బాగానే ఉంటోంది. ఆ తర్వాత పెద్ద స్వీపర్‌లో (వేగంగా తిరిగే పొడవాటి మలుపు) బోల్తా కొడుతోంది, హెయిర్‌పిన్ (ఇరుకైన యూ మలుపు) దగ్గర థ్రాటిల్ వదలగానే వెనక భాగం గిర్రున తిరిగిపోతోంది. స్ప్రింగులు, షాక్ ఆయిల్, వెనక టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికి తిరిగి ఉండే కోణం) అన్నీ ఒకే సాయంత్రం మార్చేశారు. ఇప్పుడు "ఏ స్ప్రింగు, ఏ ఆయిల్ వేయమంటారు" అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పేస్తాను. మీరు చెప్పిన రెండు లక్షణాలకీ జబ్బు ఒక్కటే: ముందు చక్రాల టైర్లు అవసరానికి మించి పట్టేస్తున్నాయి. ఆ టైర్లు, వాటి లోపల ఉండే ఫోమ్‌లు సరిచేయండి. రైడ్ హైట్ (నేల నుంచి ఛాసిస్ అడుగు ఎత్తు) దించండి. ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) డ్రాగ్ బ్రేక్, అంటే థ్రాటిల్ వదలగానే దానంతట అదే పడే బ్రేకు, ఎంతుందో చూడండి. ఈ మూడూ అయ్యేదాకా స్ప్రింగుల డబ్బా తెరవకండి. ఆ సాయంత్రం మార్చినవన్నీ వెనక్కి తిప్పి, ట్రక్కుతో వచ్చిన కిట్ సెటప్ షీటు (కంపెనీ ఇచ్చిన కొలతల కాగితం) ప్రకారం పెట్టేయండి. లేకపోతే దేనివల్ల ఏమైందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

రెండు నిమిషాల తర్వాతే ఎందుకు మొదలవుతోంది? పిట్ టేబుల్ మీంచి దిగిన టైరుకి దుమ్ము అంటుకుని ఉంటుంది, రబ్బరు చల్లగా బిగుసుకుని ఉంటుంది. నాలుగైదు ల్యాపులు తిరిగేసరికి దుమ్ము రాలిపోతుంది, రబ్బరు వేడెక్కి మెత్తబడుతుంది, గ్రిప్ పెరుగుతుంది. వదులు మట్టిలో బండి ఒరగకముందే టైరు జారిపోతుంది, కాబట్టి బోల్తా అన్న మాటే ఉండదు. క్లే మీద టైరు జారదు. జారాల్సిన చోట జారకపోతే ఆ బలమంతా బండిని పక్కకి తిరగేయడానికే పోతుంది. మీరు బయట పెట్టుకున్న ఎత్తైన రైడ్ హైట్, మెత్తటి ముందు స్ప్రింగులు, గరుకు టైర్లు అన్నీ గ్రిప్ లేని చోట గ్రిప్ వెతుక్కోవడానికి పెట్టుకున్నవి. ఇక్కడ అది అడక్కుండానే దొరుకుతోంది.

ముందు నేలని చదవండి

క్లే అంటే అందరూ ఒకటే అనుకుంటారు. ఒకే ట్రాక్ ఒకే రోజులో మూడు రకాలుగా ఉంటుంది. నీళ్లు చల్లిన కొత్తలో మెత్తగా, చెమ్మగా ఉంటుంది. అప్పుడు చిన్న రబ్బరు పిన్నులున్న టైరు లోపలికి దిగి పట్టుకుంటుంది. బళ్లు తిరిగేకొద్దీ అందరూ నడిచే దారి అణిగి, రబ్బరు పట్టి, నున్నగా నల్లగా మెరుస్తుంది. దాన్నే గ్రూవ్ అంటాం. అక్కడ పిన్నులకి పని లేదు. నేలకి ఎంత రబ్బరు ఆనితే అంత గ్రిప్, అందుకే అరిగిన టైర్లు, స్లిక్కులు (పిన్నులు లేని నున్నటి టైర్లు) నెగ్గుతాయి. ఇంకా ఎండితే గ్రూవ్ పక్కన సన్నటి దుమ్ము పేరుకుంటుంది. ఒక్కసారి దాన్ని తొక్కారంటే తర్వాతి రెండు మలుపులూ గాలికే వదిలేయాలి.

అందుకని ప్రాక్టీసుకి దిగేముందు బూటు మడమతో గ్రూవ్‌ని రుద్ది చూడండి. మడమ కిర్రుమంటే గ్రిప్ ఎక్కువ. పొడి లేస్తే తక్కువ. అరచేత్తో ఒత్తితే చెమ్మ కూడా తెలుస్తుంది. ఏ మీటరూ అక్కర్లేదు.

టైర్లు: నా లెక్కలో ముప్పావు వంతు సెటప్ ఇక్కడే ఉంది

నేను క్లే మీదకి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రమంతా మీలాగే ట్రక్కుతో కుస్తీ పట్టాను. ముందు స్ప్రింగులు మూడు రకాలు, ఆయిల్ రెండు రకాలు, వెనక కాంబర్ లింకు (చక్రం వాలుని పట్టి ఉంచే కడ్డీ) రెండు రంధ్రాల్లో. తల ప్రాణం తోకకొచ్చింది. పక్క టేబుల్ మీద ఉన్నాయన నా బండి చూసి ఏమీ మాట్లాడలేదు. పిన్నులు దాదాపు సగం అరిగిపోయిన తన పాత ముందు టైర్ల జత తీసి నా చేతిలో పెట్టాడు. అంతే. ఆ సాయంత్రం మళ్లీ బోల్తా లేదు. నావేమో అదే రకం టైర్లు, కాకపోతే కొత్తవి. నిటారుగా నిలబడ్డ కొత్త పిన్నులు క్లేలోకి గోళ్లలా దిగుతున్నాయి.

అప్పట్నుంచి ముందు టైర్లు కొత్తవి నేరుగా రేసుకి వేయను. వీల్‌ని డ్రిల్లుకి గానీ ట్రూయింగ్ మెషిన్‌కి గానీ బిగించి గరుకు కాగితంతో పిన్నుల ఎత్తు మూడో వంతు తగ్గిస్తాను. ఓపిక లేకపోతే రెండు మూడు ప్రాక్టీసు రన్నులు వాటి మీదే తిప్పేయండి, ట్రాకే అరగదీస్తుంది. అచ్చులోంచి ఊడడానికి పూసే జిడ్డు కూడా కొత్త టైరు పైపొర మీద ఉంటుంది, అది పోయేదాకా టైరు అసలు స్వభావం బయటపడదు.

ఇక కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) విషయం. క్లే కోసమే చేసిన మెత్తటి రబ్బర్లు ఉన్నాయి: జేకాన్సెప్ట్స్ వాళ్ల సిల్వర్, గోల్డ్, ఏకేఏ వాళ్ల క్లే, ప్రోలైన్ వాళ్ల ఎంసీ ఈ కోవలోవే. ఏది వేయాలన్నదానికి నా సలహా ఒకటే. మీ ట్రాక్ మీద వరసగా బాగా తిరిగే నలుగురు ఏం వేస్తున్నారో చూసి వెనక అదే వేయండి. ముందు మాత్రం వాళ్లకంటే ఒక మెట్టు గట్టి కాంపౌండ్‌తోనో, అరిగిన జతతోనో మొదలుపెట్టండి. టైరు మీద సాస్ (గ్రిప్ పెంచే ద్రవం) పూయడం కొన్ని ట్రాకుల్లో నిషేధం, కొన్ని చోట్ల ఫలానాది మాత్రమే అంటారు. అడిగి పూయండి. పూసినా వెనక టైర్లకే. బోల్తా కొట్టే బండి ముందు టైర్లకి సాస్ పూయడమంటే అగ్గిలో నెయ్యి పోయడమే.

ఇప్పుడు బోల్తా సంగతి. చూడబోతే స్టేడియం ట్రక్కు సుమారు 32 సెంటీమీటర్ల వెడల్పు, బరువంతా నేలకి దగ్గరగా ఉంటుంది. టేబుల్ మీద పెట్టి చేత్తో పక్కకి ఎత్తి చూడండి, ఎంతో ఎత్తితే గానీ పడదు. మరి ట్రాక్ మీద ఎందుకు పడుతోంది? నేను చూసినవాటిలో ఎక్కువసార్లు జరిగింది ఇదీ: బయటివైపు ముందు టైరు సైడ్‌వాల్ ఒత్తిడికి రిమ్ కిందికి మడతపడుతుంది, ఒక్క క్షణం రిమ్ అంచే నేలకి గుచ్చుకుంటుంది, బండి దాని మీదుగా ఎగిరిపడుతుంది. మీ ముందు రిమ్ముల బయటి అంచు చూడండి. అక్కడ మట్టి గీతలు గానీ అరుగుదల గానీ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి స్వీపర్ దగ్గర ఎవరినైనా వీడియో తీయమన్నా కనపడుతుంది.

దీనికి మందు రెండు రకాలు. మొదటిది ఫోమ్. టైరుతో ఊరికే వచ్చే మెత్తటి ఓపెన్ సెల్ ఫోమ్ తీసేసి క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేయండి. అది ఆకారం నిలుపుకుంటుంది, సైడ్‌వాల్‌ని లోపల్నుంచి ఆనుకుని ఉంటుంది, త్వరగా చచ్చుబడదు. రెండోది సైడ్‌వాల్‌కి గమ్ము. టైర్లు రిమ్ముకి అంటించే సూపర్ గ్లూనే ముందు టైరు బయటి సైడ్‌వాల్ మీద, ట్రెడ్ అంచుకి కొంచెం కిందుగా, చుట్టూ సన్నటి పొరలా పూయండి. అది ఆరి గట్టిపడితే టైరు మడతపడదు, పైగా ఒరిగినప్పుడు ఆ అంచు నేలని పట్టుకోకుండా జారుతుంది. ఒక పొర చాలు. నేను ఒకసారి అత్యుత్సాహంతో మూడు పొరలు పూశాను. బోల్తా ఆగింది, దాంతోపాటు తిరగడమూ ఆగింది.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు. రిమ్ముకి గాలి రంధ్రాలుంటే లోపలివైపు నుంచి టేపు వేసి మూసేసి, టైరుకే ట్రెడ్ మధ్యలో ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు పొడవండి. చెమ్మగా ఉన్న క్లే మీద రిమ్ రంధ్రాల్లోంచి తడి, మట్టి లోపలికి పోయి ఫోమ్ నీళ్లు తాగుతుంది, నాలుగు చక్రాలూ నాలుగు బరువులవుతాయి. టైరుకి పెట్టిన రంధ్రాల్లోంచి అది తిరిగేటప్పుడు ఆ నీళ్లు బయటికి చిమ్ముతాయి.

రైడ్ హైట్, డ్రూప్

బయట 27, 28 మిల్లీమీటర్ల మీద నడిపి ఉంటారు. క్లే మీద ముందూ వెనకా 23 దగ్గర మొదలుపెట్టండి, నేల నున్నగా ఉంటే 22 దాకా దించొచ్చు. కొలిచేటప్పుడు బ్యాటరీ, బాడీ అన్నీ ఉండాలి. ఒక జానెడు ఎత్తు నుంచి బండిని టేబుల్ మీద వదిలి, తనంతట తాను ఎక్కడ ఆగితే అక్కడ కొలవాలి. చేత్తో నొక్కి కొలిస్తే ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తుంది. ఛాసిస్ అడుగు ప్రతి జంప్ దగ్గరా రాసుకుంటుంటే ఒక మిల్లీమీటరు పైకెత్తండి, అంతకంటే వద్దు.

డ్రూప్ అంటే బండిని ఎత్తినప్పుడు చక్రం ఎంత కిందికి వేలాడుతుందో అది. మీ హెయిర్‌పిన్ సమస్యకి దీనితో నేరుగా సంబంధం ఉంది. థ్రాటిల్ వదలగానే బరువు ముందుకి ఒరుగుతుంది, వెనక భాగం పైకి లేస్తుంది. వెనక షాకులు ఎంత పొడవు సాగగలిగితే అంత లేస్తుంది, వెనక టైర్ల మీద అంత బరువు తగ్గుతుంది. వెనక షాక్ లోపల, పిస్టన్ కింద షాఫ్టుకి ఒక మిల్లీమీటరు స్పేసరు వేసి చూడండి. బండి మలుపులోకి దిగే తీరు వెంటనే నెమ్మదిస్తుంది. అదే పని ముందు షాకుల్లో చేస్తే ఇంకో ఫలితం: థ్రాటిల్ ఇచ్చినప్పుడు ముక్కు లేవదు, కాబట్టి మలుపు చివర్లో స్టీరింగ్ మిగిలి ఉంటుంది. మీకు ఇప్పుడు ముందు స్టీరింగ్ ఎక్కువైంది గనుక వెనక మాత్రమే ముట్టుకోండి.

డ్రాగ్ బ్రేక్, ట్రాన్స్‌మిటర్

టూ వీల్ డ్రైవ్‌లో బ్రేకు వెనక చక్రాలకే పడుతుందని చాలామంది మర్చిపోతారు. డ్రాగ్ బ్రేక్ పెట్టి ఉంటే మీరు థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ వెనక చక్రాల్ని కొంచెం కొంచెం బిగబట్టినట్టే. తిరుగుతున్న బండి వెనక చక్రాల్ని బిగబడితే ఏమవుతుందో మీ హెయిర్‌పిన్ చెబుతోంది. ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ సున్నా చేసి ఒక బ్యాటరీ నడపండి. వెనక భాగం కుదురుకుని, బండి మలుపు లోపలికి రావడానికి బద్ధకిస్తే అప్పుడు ఐదు శాతం చొప్పున పెంచుకోండి.

అలాగే స్టీరింగ్ డ్యుయల్ రేట్, అంటే చక్రాలు గరిష్ఠంగా ఎంత తిరగాలో పెట్టే సెట్టింగు. అన్నిటికంటే ఇరుకైన మలుపు ఒక్కటి సరిగ్గా తిరిగేంత ఉంటే చాలు, పూర్తిగా తెరిచి పెట్టడం వల్ల స్వీపర్‌లో వేలు కాస్త కదిలినా బండి కత్తిలా కోస్తుంది. ఎక్స్‌పో సెట్టింగు పెట్టి స్టీరింగ్ మధ్యభాగం స్పందన మెత్తన చేసుకోవచ్చు, కాకపోతే కొన్ని ట్రాన్స్‌మిటర్లలో మెత్తన చేయడానికి మైనస్ వైపు, కొన్నింట్లో ప్లస్ వైపు వెళ్లాలి. టేబుల్ మీదే చక్రాలు చూస్తూ తిప్పి నిర్ధారించుకోండి.

ఇక మిగతావి

కాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) ముందూ వెనకా మైనస్ 1 డిగ్రీ, ముందు టో సున్నా, వెనక టో ఇన్ ఒక్కో చక్రానికి 3 డిగ్రీలు. చాలా ట్రక్కులకి క్లే మీద ఇది మంచి ప్రారంభం. వెనక టో పెంచితే వెనక నిలకడ వస్తుంది కానీ నేరుగా పోయేటప్పుడు వేగం తింటుంది. టైరు తప్పుని టోతో కప్పిపుచ్చకండి.

కాంబర్ లింకుల విషయంలో బయటి అలవాటు తిరగబడుతుంది. వదులు నేల మీద పొట్టి లింకులు బాగుంటాయి, గ్రిప్ ఉన్న నేల మీద పొడవైనవి. పొడవు పెంచితే బండి కాస్త ఎక్కువ ఒరుగుతుంది, కానీ నెమ్మదిగా, మనకి అందేలా ఒరుగుతుంది. ముందు లింకు పొడవు చేస్తే స్టీరింగ్ స్పందన నెమ్మదిస్తుంది, మీకు కావలసింది అదే. లింకు లోపలి బాల్ స్టడ్ కింద వాషర్లు పెంచినా ఫలితం అదే దిశలో ఉంటుంది, కాకపోతే చిన్న మోతాదులో. మొదట వాషరుతో చూడండి, చాలకపోతే రంధ్రం మార్చండి.

షాక్ ఆయిల్ గురించి అడిగారు కదా: ముందు 400, వెనక 350 సెంటీస్టోక్స్ (ఆయిల్ చిక్కదనం కొలత) దగ్గర మొదలుపెట్టండి. సెంటీస్టోక్స్‌లోనే ఎందుకు చెబుతున్నానంటే, సీసా మీద రాసే వెయిట్ అంకె ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. అసోసియేటెడ్ వాళ్ల 35 వెయిట్ అంటే 425 సెంటీస్టోక్స్. ఇంకొకరి 35 అంతే ఉండాలని లేదు. ఎవరో వాళ్ల సెటప్ షీట్‌లో 35 అని రాస్తే ఏ కంపెనీదో అడగండి. పిస్టన్ రంధ్రాలు జంపుల్ని బట్టి. పెద్ద జంప్ దిగాక ఛాసిస్ నేలకి కొట్టుకుంటుంటే చిన్న రంధ్రాలు, చిన్న చిన్న గతుకుల మీద బండి గంతులేస్తుంటే పెద్దవి.

టైర్లూ ఎత్తూ సరిచేశాక కూడా ముందు చక్రాలు ఇంకా కరుస్తుంటే, అప్పుడు ముందు స్ప్రింగు ఒక మెట్టు గట్టిది వేయండి, లేదా మీ ట్రక్కుకి వీలుంటే ముందు యాంటీ రోల్ బార్ (ఒరుగుదల తగ్గించే సన్నటి కడ్డీ). ఒకేసారి రెండూ వద్దు.

స్లిప్పర్‌ని (మోటారు బలం ఒక్కసారిగా పడకుండా కాస్త జారనిచ్చే క్లచ్) నిలబడ్డ చోటి నుంచి పూర్తి థ్రాటిల్ ఇస్తే రెండు మూడడుగులు సన్నగా ఈల వేసి పట్టుకునేలా బిగించండి. డిఫ్‌ని (మలుపులో రెండు వెనక చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) ఇప్పుడే కదపకండి, అది చివరి అధ్యాయం. చిన్న గుళ్లతో పనిచేసే బాల్ డిఫ్ అయితే గరగరలాడకుండా తిరుగుతోందో లేదో చూసుకుంటే చాలు.

మోటారు ఎక్కడుందో మీరు రాయలేదు. టీఎల్ఆర్ 22 లాంటి కార్లు మోటారుని వెనకైనా మధ్యలోనైనా పెట్టుకునే వీలిచ్చాయి. అసోసియేటెడ్ వాళ్ల టీ5ఎం ట్రక్కు పేరులో ఎం అంటే మిడ్ మోటారే. గ్రిప్ ఉన్న క్లే మీద అందరూ మధ్య మోటారు వైపు మళ్లారు, ఎందుకంటే బండి చురుగ్గా తిరుగుతుంది. అదే చురుకు థ్రాటిల్ వదిలినప్పుడు వెనకని తేలిక చేస్తుంది. మీది మధ్య మోటారైతే, షార్టీ (పొట్టి) బ్యాటరీని ఒక ఫోమ్ ముక్క మందం వెనక్కి జరపడం ఖర్చు లేని మందు. మీది వెనక మోటారు బండి అయ్యుండి కూడా ఇలా తిరిగిపోతుంటే, సెటప్ మాట పక్కన పెట్టి ఏదైనా వంగిందేమో చూడండి.

వంగడం అన్నాను కాబట్టి చెబుతున్నా. నా బండి ఒకసారి కుడి మలుపుల్లోనే బోల్తా కొట్టేది, ఎడమవైపు బంగారంలా తిరిగేది. రెండు వారాలు దానికి సెటప్‌లో కారణం వెతికాను. తీరా చూస్తే ఎడమ ముందు హింజ్ పిన్ (సస్పెన్షన్ ఆర్మ్ తిరిగే ఇరుసు) వెంట్రుకవాసి వంగి, ఆర్మ్ సగం దారిలో బిగుసుకుంటోంది. కొండని తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. షాకులు ఊడదీసి ఆర్మ్‌లు ఎత్తి వదలండి, నాలుగూ తమ బరువుకే కిందికి పడాలి. పడనిది ఉంటే ముందు దాన్ని చూడండి. కుడి ఎడమ షాకులు రెండూ పక్కపక్కన పట్టుకుని ఒకేసారి నొక్కి వదిలితే ఒకే వేగంతో వెనక్కి రావాలి.

దుమ్ము లేవకుండా, చెమ్మ నిలిచేలా కొన్ని ట్రాకుల్లో నీళ్లలో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. గాలిలోని తేమని లాగి పట్టుకునే ఉప్పు అది. నేలకి మంచిదే, ఇనుముకి శత్రువు. మీ ట్రాక్‌లో వాడుతుంటే ఇంటికెళ్లిన రాత్రే బండి తుడిచి బేరింగులకి నూనె వేయండి. తుప్పు పట్టి బిగుసుకున్న బేరింగు కూడా సెటప్ సమస్యలాగే నటిస్తుంది.

మార్పుని ఎలా పరీక్షించాలి

ఒకసారి ఒకే మార్పు. ఐదు నిమిషాల రన్. తర్వాత ఆ మార్పు తీసేసి మళ్లీ ఐదు నిమిషాలు. తీసేశాక పాత జబ్బు తిరిగొస్తేనే ఆ మార్పు పనిచేసినట్టు, లేదంటే ఈలోగా ట్రాక్ మారింది, అంతే. ఇది చాలామంది చేయరు, విసుగు. కానీ క్లే గంట గంటకీ మారే నేల కాబట్టి ఇక్కడ ఇది తప్పనిసరి.

ఫాస్టెస్ట్ ల్యాప్ చూసి మురిసిపోకండి, సగటు చూడండి. నా పాత సెటప్‌తో ఒక్క ల్యాప్ 17.9 సెకన్లు కొట్టేవాణ్ని, సగటు 19.4 ఉండేది, ఎందుకంటే రెండుసార్లు బోల్తా. ముందు టైర్లు అరగదీసి, ఎత్తు దించాక అత్యుత్తమ ల్యాప్ 18.2కి దిగజారింది, సగటు 18.7కి వచ్చింది. ఐదు నిమిషాల రేసులో అది సగం ల్యాప్‌కి పైగా లాభం. బండి మందంగా అనిపిస్తుంది, చేతికి సరదా తగ్గినట్టుంటుంది, కానీ గడియారం వేరేలా చెబుతుంది.

కిట్ సెటప్‌కి తిప్పి, డ్రాగ్ బ్రేక్ సున్నా చేసి, అరిగిన ముందు టైర్లతో ఒక బ్యాటరీ నడిపాక రెండు ఫోటోలు పెట్టండి: ముందు రిమ్ బయటి అంచు ఒకటి, గ్రూవ్ దగ్గర్నుంచి తీసింది ఒకటి. మోటారు ఎక్కడుందో, ఏ ఫోమ్ వేశారో కూడా రాయండి. అప్పుడు స్ప్రింగు రంగు గురించి మాట్లాడుకుందాం.